ఇరవై అడుగుల దారి

అంబులెన్సు గోడ దగ్గర ఆగిపోయింది.

గోడకు ఇవతల తారు రోడ్డు, చెరో పక్కా కాలిబాట, అమ్మకానికి సిద్ధమైన కొత్త మేడలు. అవతల మిల్లు కార్మికుల అరవై ఇళ్లు. వాళ్లు బయటికి రావడానికి మిగిలింది ఒక్క సందు. అందులో మంచం పట్టదు. మునిసిపాలిటీలో కొలతల టేపు పట్టే చైన్‌మన్ అక్క ఇంటి తలుపు ఊడబీకి, గుండె పట్టుకుని మెలికలు తిరుగుతున్న ఆమెను దాని మీద పడుకోబెట్టాడు. ముందు ఆమె కూతురు, వెనక తను. పరుగులాంటి నడక. మలుపులో తలుపు గోడకు కొట్టుకుని ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. ఏటవాలుగా ఎత్తితే మనిషి జారిపోతోంది.

"దించరా తమ్ముడూ... ఊపిరాడటం లేదు" అంది ఆమె.

దించారు. మళ్లీ ఎత్తే పని లేకపోయింది.

సందంతా ఏడ్చింది. అతనికి మాత్రం కన్నీరు రాలేదు. ఆ సందు వెడల్పు ఎంతో అక్కడున్న అందరికన్నా అతనికే బాగా తెలుసు.

మునిసిపాలిటీ ఇంజనీరింగు విభాగంలో ఇరవై రెండేళ్లుగా అతని ఉద్యోగం టేపు కొస పట్టుకోవడం. "ఇంజనీర్లు వస్తుంటారు, పోతుంటారు. టేపు కొసకు మాత్రం మన చైను బాబాయే" అని ఆఫీసులో నవ్వుకునేవాళ్లు. పాత ప్లాను ప్రకారం మిల్లు ఇళ్ల ముందు నుంచి పెద్ద రోడ్డు దాకా ఇరవై అడుగుల వీధి ఉండాలి. మేడల కంపెనీ ఆ వీధిని తనలో కలిపేసుకుని, అనుమతి రాకముందే గోడ లేపి, సవరించిన ప్లాను సమీక్షకు పెట్టింది. 'మిల్లు ఇళ్లకు వేరే ఇరవై అడుగుల దారి ఉన్నది' అని అందులో ఒక ముక్క రాసింది. ఆ ముక్క నిజమో కాదో తేల్చడానికి నెల కిందట ఇంజనీరు సందులోకి వచ్చాడు.

"ఎంత?"

"రెండడుగుల పదంగుళాలు సార్."

ఇంజనీరు పుస్తకంలో ఇరవై అని వేశాడు.

"సార్... ఇరవయ్యా?"

"నువ్వు టేపు పట్టుకో. పెన్ను నేను పట్టుకుంటా."

చైన్‌మన్ నవ్వి ఊరుకున్నాడు. ఆ మధ్యాహ్నం అదే సందులో అక్క పెట్టిన అన్నం తిన్నాడు. ఆమెకూ చెప్పలేదు.

అక్క పోయిన మూడో రోజు మిల్లు గేటు ముందు అందరూ కూడారు. కంపెనీ యజమాని కాళ్లావేళ్లా పడదామన్నారు కొందరు. "కాళ్లు పట్టుకుంటే తన్నడానికి వీలు, అంతే" అన్నాడు యూనియను పెద్ద, మిల్లులో ఫిట్టరు. అర్జీ ఇద్దామన్నారు ఇంకొందరు. గొడవ గొడవగా ఉంది. అప్పుడు చైన్‌మన్ లేచి ఇంజనీరు రాసిన ఇరవై సంగతి చెప్పేశాడు.



"నీ ఉద్యోగం మీద మన్నుపొయ్యా!" అని ఒకావిడ మీదికొచ్చింది. ఎవరో చొక్కా పట్టుకున్నారు. అతను విడిపించుకోలేదు.

మేనకోడలు దగ్గరికి వచ్చింది. మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసే పిల్ల. జుట్టులో ఇంకా దూది నలుసులున్నాయి.

"అమ్మ బతికుండగా ఎందుకు చెప్పలేదు?"

"భయం తల్లీ."

"మరిప్పుడు?"

"ఇప్పుడూ భయమే."

ఆమె మొహం తిప్పుకుంది. ఫిట్టరు చొక్కా విడిపించాడు. "ఇతన్ని తంతే గోడ పడదు. ఇలాంటి నోళ్లు తెరుచుకోవనే కదా వాళ్ల ధీమా! ఇవాళ ఒక నోరు తెరుచుకుంది. దీన్ని ప్లాను మీద మునిసిపాలిటీ పెట్టే విచారణ దాకా తీసుకుపోదాం" అన్నాడు.

విచారణ నాడు మునిసిపల్ హాలు నిండిపోయింది. షిఫ్టు మానేసి మరీ వచ్చారు. ముఖ్య ఇంజనీరు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "కొలతలు పుస్తకంలో ఉన్నాయి. ఇంక అభ్యంతరం దేనికి?" అన్నాడు.

రోజూ ఫైళ్లు మోస్తూ నిలబడే తలుపు దగ్గరి నుంచే చైన్‌మన్ గొంతెత్తాడు.

"కొలిచింది నేను సార్. రెండడుగుల పదంగుళాలు. ఇరవై అన్నది అబద్ధం."

"ఉద్యోగం పోతుంది, తెలుస్తోందా?"

"మా అక్క పోయింది సార్. ఉద్యోగం అంతకన్నా పెద్దదేం కాదు."

"లేచి రండి! పది నిమిషాల నడక. మీ కళ్లతోనే చూడండి!" హాలంతా ఒక్క గొంతై అరిచింది. ముఖ్య ఇంజనీరు లేవలేదు. కంపెనీ ప్లాను మీద 'షరతులతో ఆమోదం' అని రాసి సంతకం పెట్టాడు. జనం కదలకుండా నేల మీద కూర్చున్నారు. పోలీసులు వచ్చి ముందుగా చైన్‌మన్‌నే లాగారు, ప్రభుత్వ పని ఆటంకపరిచాడని.

జీపు కదులుతుంటే ఊచల్లోంచి ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"మామయ్యా!" అంది మేనకోడలు. "జాగ్రత్త మామయ్యా!"

ఆ పిలుపు ఈ జన్మకు ఇక వినననుకున్నాడు. అక్క పోయాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రానికి ఆ పిల్లనూ పోలీసు స్టేషనుకు తెచ్చి అతని పక్క గదిలో పడేశారు. ఫిట్టరునూ, ఇంకో తొమ్మిది మందినీ కూడా. ఆమె నుదురు చిట్లి ఉంది. జరిగిందంతా గది గోడ అవతలి నుంచే చెప్పింది. జనం హాలు నుంచి నేరుగా గోడ దగ్గరికి పోయారట. గునపాలు ఎక్కడ వేయాలో తెలియక తలో చోటా పొడుస్తుంటే, మేడల దగ్గర పనిచేస్తున్న తాపీమేస్త్రి పరంజా దిగి వచ్చాడట.

"'తప్పుకోండమ్మా, కట్టింది నేనే. ఎక్కడ పొడిస్తే పడుతుందో నాకు తెలుసు' అన్నాడు మామయ్యా. పొడిచాడు. పడింది."

"ఎంత మేర?"

"నువ్వే వచ్చి కొలవాలి."

చాలా రోజులకు అతనికి నవ్వొచ్చింది.

మర్నాడు కాపలా కానిస్టేబులు వచ్చీ రాగానే విసుక్కున్నాడు. గోడ మళ్లీ లేపమని కంపెనీ పొద్దున్నే కూలీల్ని పంపిందట. ఇసుక దిగింది. సిమెంటు బస్తాలు దిగాయి. మిల్లు ఆడవాళ్లు పడిన ఇటుకల మీద వరసగా కూర్చున్నారు. పోలీసులు పొద్దుటి నుంచి ఎండలో నిలబడి ఉన్నారు.

"మీవాళ్లు ఇంకా దేనికి నిలబడ్డారు?" అని అడిగాడు ఫిట్టరు.

"దేనికేంటయ్యా! గోడ కట్టడానికి ఊరు ఊరంతా వెతికినా ఒక్క మేస్త్రీ రావడం లేదు."