మొదటి గుటక

నాంపల్లి స్టేషన్‌కు కూతవేటు దూరంలోని ఆ చర్చిలో ఫ్లోరా పాట ఎత్తనిదే ఆరాధన మొదలయ్యేది కాదు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో గుమస్తా పని, చర్చిలో పాటల బృందమైన కోయర్ మీద పెత్తనం, రెండూ దర్జాగా చేసే మనిషి. అలాంటిది ఆ ఏడు, అంటే 1972లో, వానాకాలం వచ్చేసరికి ఆ కోయరే చేజారేలా ఉంది.

ఆమెకు వచ్చిన జబ్బు పేరు లూపస్. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే దారితప్పి ఒంటిమీద పడుతుంది. దాన్ని అణచడానికి దవాఖానలో మాత్రలిచ్చారు. కీళ్ళ నొప్పులు తగ్గాయి గానీ ఒళ్ళు ఉబ్బింది, ముఖం పూరీలా పొంగింది.

"నీ ఒంటి కాపలాను మేమే నిద్రపుచ్చినం. ఒకరి ఎంగిలి నువ్వు ముట్టొద్దు," అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ప్రభువు బల్ల నాడు, అంటే ఏసు కడపటి విందును తలచుకుని ద్రాక్షరసం పుచ్చుకునే రోజు, చర్చిలో అందరికీ ఒకటే గిన్నె. ముందు మగవాళ్ళు, తరువాత ఆడవాళ్ళు, అందరికీ ఇచ్చాక చివరన పాస్టరుగారు. ఫ్లోరా వంతు వచ్చేసరికి సంఘంలోని దగ్గులన్నీ ఆ గిన్నె అంచు మీదే ఉంటాయి. అందుకని ఆమె బల్లకు వెళ్ళడం మానేసింది. అక్కడ బల్లకు రానివాళ్ళంటే తప్పుచేసి శిక్షలో ఉన్నవాళ్ళే. పెళ్ళికాని పిల్ల, ఒళ్ళు ఉబ్బింది, బల్లకు రావడం లేదు. ఇంకేం కావాలి? సంఘపెద్ద ఆనంద్ పాల్ భార్య జ్ఞానమణి అయితే ఎన్నో నెలో కూడా చెప్పేసింది.

ఆనంద్ పాల్ ఫ్లోరాను పోస్టాఫీసు మెట్ల మీదే ఆపాడు. "బల్లకు రానోళ్ళు పాట ఎత్తొద్దమ్మా. ఈ తాప రాకుంటే కోయర్ వేరేటోళ్ళకు ఇస్తం."

"వస్త అంకుల్, ఫికర్ చెయ్యకున్రి," అంది ఫ్లోరా. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆదివారం పాస్టరుగారు గిన్నె చేతిలోకి తీసుకోగానే ఫ్లోరా లేచింది. మగవాళ్ళను దాటుకుంటూ వెళ్ళి, ఆనంద్ పాల్ ఏళ్ళ తరబడి మోకరించే మొదటి చోట మోకరించింది.

"ఇదేందమ్మా, గీడ కూసున్నవ్?" అన్నాడాయన.

ఫ్లోరా వెనక్కి తిరిగింది. కోయర్ గొంతు కదా, చివరి బెంచీ దాకా వినబడింది. "నేను దాచిన పాపం ఏం లేదు. నాకు లూపస్. నా జబ్బు మీకు అంటుకోదు, మీ జలుబులే నాకు అంటుకుంటయి. గందుకే ఎవ్వరి మూతి తగలకముందే తాగుత. ఒళ్ళు ఉబ్బింది మాత్రలతోని. నా కడుపుల ఉన్నది పొద్దుగాల తిన్న ఉప్మానే."

పాస్టరుగారు నవ్వు ఆపుకుంటూ గిన్నె అందించారు. ఆమె తాగింది.

గిన్నె ఆనంద్ పాల్ వైపు తిరిగింది. ఆయన అంచు వైపు చూశాడు, మోకరించలేదు. వెనక ఎవరూ కదల్లేదు. తన ఎంగిలి ఎవరూ ముట్టకపోతే ఈ సంఘంలో తనను వెలివేసినట్టేనని ఫ్లోరాకు అప్పుడు తట్టింది.

ఆడవాళ్ళ వైపు నుంచి జ్ఞానమణి లేచి వచ్చింది. "జర జరుగు బిడ్డా," అంటూ పక్కన మోకరించి, ఫ్లోరా పెదవి తగిలిన చోటే తాగింది. చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నీ మీద చెడ్డ మాట అన్నది ఈ నోరే," అంది. "ఇప్పుడు నీ ఎంగిలి తాగింది. ఇగ ఎవలన్న ఏమన్న అంటే నేను జవాబు చెప్త."

ఆనంద్ పాల్ భార్య పక్కన మూడోవాడుగా మోకరించాడు.