ఏడు వస్తువుల చీటీ

పళ్ళెంలో చారు గిన్నె కింద చీటీ కనిపించగానే ఫుమియే గబగబా మడత విప్పింది. కొడుకు పేరు తోషికి. వాడు గది తలుపు వేసుకుని మూడేళ్ళయింది. ఇరవై నాలుగేళ్ళవాడు. తలుపు ముందు అన్నం పళ్ళెం పెడితే కాసేపటికి ఖాళీ పళ్ళెం బయటికొస్తుంది, తల్లీకొడుకుల మధ్య రాకపోకలు అంతవరకే. వాడి చేతిరాత చూసి పద్నాలుగు నెలలైంది. అప్పుడు కూడా వాడు రాసింది "వద్దు" అని ఒక్క ముక్కే.

ఈసారి ఏడు వరుసలున్నాయి. ఆటలాడే కంప్యూటరును సొంతంగా బిగించుకోవడానికి కావలసిన భాగాలు, పక్కనే వాటి ధరలు. కిందటి వారం వాడి పుట్టినరోజున ఆవిడే తలుపుకు నోరానించి చెప్పింది, లక్ష యెన్‌ల దాకా ఏం కావాలన్నా అడగరా అని. వాడు అడిగాడు. మొత్తం తొంభై ఎనిమిది వేల నాలుగు వందలు. డబ్బు కవరులో పెట్టి పళ్ళెంలో ఉంచితే సరిపోయేది. కానీ తల్లి బుద్ధి ఊరుకుంటుందా? తనే కొని తెచ్చి గది ముందు పెడితే, అంత పెద్ద పెట్టెలు లోపలికి లాక్కోవడానికైనా వాడు తలుపు బార్లా తెరవాలి. అప్పుడు కొడుకు ముఖం చూడొచ్చు. ఆ ఒక్క క్షణం మీద ఆశతో ఆదివారం పొద్దున్నే కంప్యూటరు దుకాణాలుండే ఓసు బజారుకు బయల్దేరింది.

మొదటి దుకాణంలో అమ్మకందారు చీటీ చూసి, ఈ ధరలు మీకెక్కడ దొరికాయండీ అని నవ్వాడు. మెమరీ ధర మండిపోతోందట. లెక్క లక్షా ఇరవై ఆరు వేలకు తేలింది. గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు తక్కువది తీసుకోమన్నాడు, ఆటలో బొమ్మలు కాస్త తడబడతాయి, అంతేనన్నాడు. లేదంటే ప్రాసెసరు తగ్గించమన్నాడు, కాకపోతే అప్పుడు బోర్డు మారుతుంది, బోర్డు మారితే మెమరీ మారుతుంది. ఏ రెంటికి పడుతుందో, ఏ రెంటికి పడదో అతను గుక్కతిప్పుకోకుండా చెబుతుంటే ఫుమియేకు కళ్ళు తిరిగాయి. ఆవిడ పంతొమ్మిదేళ్ళుగా ఫ్యాక్టరీలో భోజనం డబ్బాలు సర్దుతోంది. ఊరగాయ ఏ మూల పెట్టాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు, ఈ విద్య మాత్రం ఆవిడకు పట్టేది కాదు. ఒక్క వస్తువు తప్పు పట్టుకెళ్ళినా వాడు మళ్ళీ "వద్దు" అంటాడు. తర్వాత ఎన్ని నెలలో.

మధ్యాహ్నానికి ఐదు దుకాణాలు తిరిగింది. ఎక్కడా కుదరలేదు. ఒక ఇరుకు సందులో మెట్ల మీద కూలబడి, దారినపోయేవాళ్ళు చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చింది. లేవబోతూ చూస్తే అవి ఇంకో దుకాణానికి వెళ్ళే మెట్లే. పాత సామాను కొని అమ్ముతామని బోర్డుంది.

పైన కూనో అనే ముసలాయన ఉన్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీద ఉంచుకుని వాటి కోసం బల్లంతా వెతికే రకం. చీటీ చదివి మారుమాట్లాడకుండా ఏడు వస్తువులూ తెచ్చి ముందు పెట్టాడు. ప్రతిదానికీ చేత్తో రాసిన ధర కాగితం అంటించి ఉంది. కార్డుకు అట్టపెట్టె లేదు, ఒక ఫ్యాను గరగరమంటుంది, ఇరవై ఏడు వేల మూడు వందలు. చీటీలోనూ సరిగ్గా అంతే. ఏడింటికి ఏడూ ఒక్క యెన్ తేడా లేదు. ఫుమియేకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అనుమానం వచ్చి, మీ ధరలు ఇంటర్నెట్‌లో పెడతారా అని అడిగింది.

"నాకవన్నీ రావమ్మా. ఈ కార్డు నా దగ్గరికొచ్చిందే మొన్న గురువారం పొద్దున. ఇక్కడికొచ్చి చూస్తే తప్ప ఈ రేటు ఎవరికీ తెలీదు." చీటీ కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇది మన పచ్చ చెప్పులాయన రాతలా ఉందే?"

జుట్టు వెనక్కి ముడేసుకుంటాడట. మంచు పడుతున్నా పచ్చ రబ్బరు చెప్పులతోనే వస్తాడట. రెండేళ్ళుగా మంగళవారం, గురువారం ఒంటిగంటకు ఠంచనుగా దిగుతాడట. ఆ చెప్పులు ఫుమియే ఇంట్లో బట్టలారేసే వసారాలో ఉంటాయి. ఎప్పటికైనా బయటికెళతాడని నెలనెలా తుడిచి పెట్టే వాడి బూట్లు అలమరలోంచి కదిలిందే లేదు. ఒంటిగంటకు ఆవిడ ఫ్యాక్టరీలో ఉంటుంది.

ముందు సంతోషం ముంచుకొచ్చింది. కొడుకు ఎండలో నడుస్తున్నాడు. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మూడేళ్ళుగా ఇంట్లో పిల్లిలా నడిచింది, టీవీ నోరు నొక్కేసింది, సొంత చెల్లెల్ని కూడా గడప దాటనివ్వలేదు. పాపం పిల్లవాడికి లోకమంటే భయమనుకుంది. వాడికి లోకమంటే భయం లేదు. వాడు తలుపు వేసింది తల్లి ముఖం మీద.

మాట్లాడతాడా అని అడిగింది మెల్లగా.

"మాట్లాడతాడా ఏంటమ్మా, వాగుడుకాయ. కొట్టు కట్టేస్తానన్నా కదలడు. పాపం, ఇంట్లో ఎవరూ లేరట, ఒక్కడే ఉంటాడట."

ఫుమియే కార్డు మీది ధర కాగితం మళ్ళీ చూసింది. ఈ వస్తువులు తను పట్టుకెళితే, కార్డు చూడగానే వాడికి తెలిసిపోతుంది తల్లి ఇక్కడికొచ్చిందని. ఇక ఈ మెట్లెక్కడు. వాడికి లోకంలో ఉన్న ఒక్క చోటూ పోతుంది. పట్టుకెళ్ళకుండా కవరులో డబ్బు పెడితే మంగళవారం వాడే వస్తాడు, కానీ ఇంట్లో ఆ తలుపు పళ్ళెం పట్టేంతే తెరుచుకుంటుంది. ఎంతసేపు ఆలోచించినా మూడో దారి కనిపించలేదు. ఏడు వస్తువుల్నీ ఆయన వైపు నెట్టింది.

"కట్టొద్దండి. మంగళవారం ఆయనే వచ్చి తీసుకుంటారు. అప్పటిదాకా ఎవరికీ అమ్మకండి." వెళ్ళబోయి ఆగింది. "సన్నబడ్డారా ఆయన?"

తను చూసినప్పట్నుంచీ అంతేనన్నాడు కూనో. ముందు పన్ను ఒకటి విరిగిందట, చల్లటివి తాగితే జివ్వుమంటుందని గోల పెడుతుంటాడట. ఆ పన్ను ఎప్పుడు విరిగిందో ఫుమియేకు తెలియదు. రోజూ పళ్ళెంలో చల్లటి బార్లీ టీ పెడుతోంది.

కూనో ఎట్టకేలకు నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించి ఆవిడను చూశాడు. "ఇంతకీ మీరతనికి ఏమవుతారమ్మా?"

"పక్కింటిదాన్ని," అంది ఫుమియే. "ఆ పన్ను డాక్టరుకు చూపించుకోమని మీరొక మాట చెప్పండి. నేనన్నానని మాత్రం చెప్పకండి."