కువైట్‌లో బిగించిన మరలు

మధ్యాహ్నం పన్నెండున్నర అవుతోందంటే నాంచారయ్య చేతిలో పనేదున్నా పక్కనపెట్టి ఫోను వంక చూస్తూ కూర్చుంటాడు. మంచం పక్కనే నడుమెత్తున రెండు ఇనప పైపులు, రెండడుగుల ఎడంగా, గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉన్నాయి. వాటి మధ్య నిలబడి, వాటిని పట్టుకుని నడక నేర్చుకోవాలి. అయితే లేవడానికి అతని ఇష్టం ఒక్కటే చాలదు. కువైట్ నుంచి భార్య నాగమల్లేశ్వరి ఫోన్ చేసి, "ఊ, ఇప్పుడు లే బావా" అనాలి. అక్కడప్పుడు పొద్దున పది గంటలు. ఆమె పనిచేసే ఇంటి మేడం బయటికి వెళ్ళి, పొయ్యి మీద నూనె కాగకుండా, చేతిలో పింగాణీ సామానేదీ లేకుండా ఉండే వేళ రోజు మొత్తంలో అదొక్కటే. ఆమె వంటింట్లో స్టూలు మీద కూర్చుని గోడకి వీపు ఆనించుకుంటుంది. ఇక్కడ రేపల్లెలో నాంచారయ్య పైపుల మీద బరువేసి లేస్తాడు. ఆ బరువంతా అక్కడ ఆమె భుజాల మీద పడుతుంది.

దీనికంతటికీ మూలం ఒక ఐసు దిమ్మ. నిజాంపట్నం హార్బర్లో బోటులోకి ఐసు ఎక్కిస్తుంటే చెక్క మీంచి జారిన దిమ్మ వచ్చి నాంచారయ్య నడుం మీద పడింది. ఇరవైమూడేళ్ళు సముద్రం మీద తిరిగి, రెండు తుఫాన్లలోంచి బతికి బయటపడ్డ మనిషి, ఒడ్డున నిలబడి ఉండగా, కాసేపుంటే కరిగిపోయే ఐసు కింద పడ్డాడు. ఇంతకన్నా చెడ్డ రాత ఉంటుందా? గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంది గానీ కాళ్ళు నిలబడలేదు. ఇల్లు గడిచే దారి లేక, రేపల్లె బజారులో చేపలమ్ముకునే నాగమల్లేశ్వరి రెండేళ్ళ ఒప్పందం మీద కువైట్‌లో వంటపనికి వెళ్ళింది. అత్త వెంకటసుబ్బులుకి అతన్ని అప్పజెప్పి వెళ్ళింది. డెబ్భై దాటిన ముసల్ది కొడుకుని ఎత్తి కూర్చోబెట్టలేదు, పడుకోబెట్టలేదు. కూడు తినిపిస్తుంది, తిడుతుంది, ఏడుస్తుంది.

బాపట్లలో కాళ్ళకి వ్యాయామం చేయించే ప్రభుదాస్ గారు అతన్ని పరీక్షగా చూసి, నరాలు బాగానే ఉన్నాయనీ, రోజూ రెండు కమ్మీల మధ్య నడిస్తే తిరిగి నడక వస్తుందనీ చెప్పాడు. రోజూ బాపట్ల తీసుకెళ్ళేదెవరు? ఇంట్లోనే కట్టుకోమని ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో పరాయి దేశంలో ఒక పెద్దాయన నీళ్ళ పైపులు కొని, మరలు తిప్పి బిగించి, గంటలో కట్టేశాడు.

ఆ గంట పనికి ఇక్కడ రెండు నెలలు పట్టింది. ఇల్లు అద్దెది. ఇంటాయన పూర్ణచంద్రరావు గారు గచ్చు తవ్వి పైపులు పాతడానికి వీల్లేదన్నాడు. నేలకి నాలుగు స్క్రూలు వేసుకుంటే మాత్రం కాదననన్నాడు. దానికి కావలసింది ఫ్లాంజి, అంటే పైపు అడుగు మర ఎక్కించుకుని నేలకి స్క్రూలతో బిగించే ఇనప బిళ్ళ. అలాంటివి నాలుగు కావాలి. ప్లంబరు ఆదాము రేపల్లెంతా అడిగాడు. రైలెక్కి తెనాలి వెళ్ళి బజారంతా చెప్పులరిగేలా తిరిగాడు. పొలం మోటార్లకి వేసే పళ్ళాలంత ఫ్లాంజీలున్నాయి, మెట్ల కమ్మీలకి వేసే రేకు బిళ్ళలున్నాయి, ఇది మాత్రం లేదు. బాపట్లలో ఒకే ఒకటి దొరికింది, అదీ తుప్పుపట్టి. ఒంటి కాలు మీద నిలబెడతామా ఏంటి అని ఆదాము దాన్ని అక్కడే పారేసి వచ్చాడు.

నాగమల్లేశ్వరికి శుక్రవారం పూట సగం రోజు సెలవు. ఫోన్లో ఫ్లాంజి బొమ్మ పెట్టుకుని ఆ ఎండలో ఇనప కొట్లు వెతికింది. భాష రాదు. బొమ్మ చూపించడం, వేళ్ళతో నాలుగు అనడం, అంతే. మొదటి శుక్రవారం ఆమెని కొళాయిల కొట్లోకి పంపించారు. రెండో శుక్రవారం నమాజు వేళకి వెళ్ళేసరికి అన్నీ మూసేసి ఉన్నాయి. మూడో శుక్రవారం ఒక బంగ్లాదేశ్ ముసలాయన లోపల్నుంచి అట్టపెట్టె తెచ్చి ముందు కుమ్మరించాడు. ఫ్లాంజీలు, మలుపుకి వేసే ఎల్బోలు, జానెడు పైపు ముక్కలు. నాగమల్లేశ్వరి అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చిందట.

అక్కడి మర మన పైపుకి కలుస్తుందో లేదో బిగించి చూసుకోమని ఆదాము ముందే చెప్పాడు. చెప్పింది ఇక్కడి మర సంగతి. ఆమె అక్కడి ఫ్లాంజిలోకి అక్కడి పైపు ముక్కే తిప్పి చూసింది. అవి కలవక ఏమవుతాయి! పైగా వలలు అల్లే ఇంట్లో పుట్టిన మనిషి. ముడి వేస్తే ఇంక బిగియదన్నదాకా లాగడమే ఆమెకి తెలుసు. కొట్టాయన దగ్గర పాన అడిగి తీసుకుని, ఒక్కో ముక్కనీ పళ్ళు బిగబట్టి, తన ఒంట్లో బలమంతా పెట్టి బిగించేసింది. రేపల్లె పక్కనున్న నగరం అనే ఊరావిడ ఒకామె సెలవుకి వస్తుంటే ఆమె పెట్టెలో పంపింది. మరలు అదృష్టంకొద్దీ మన పైపుకీ కలిశాయి. ఆమె బిగించిన కీళ్ళు మాత్రం ఆదాము ఎంత తిప్పినా ఊడలేదు. ఊడకపోతే మంచిదేలే అని అలాగే నిలబెట్టాడు.

మొదటిరోజు నాంచారయ్య లేచి పైపుల మీద బరువేశాడో లేదో, ఫోన్ మోగింది.

"బావా, ఇప్పుడు లేచావా?" అంది నాగమల్లేశ్వరి ఆయాసపడుతూ. "గిన్నె చేతిలోంచి జారిపోయింది. చెప్పి లేవచ్చు కదా."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. బరువు బిగించినవాళ్ళ మీదకే పోయిద్ది మరి, అన్నాడు ఆదాము పానలు సంచిలో సర్దుకుంటూ. వెంకటసుబ్బులు కూడా తలూపింది. తను అల్లిన వలతో మొగుడు వేటకెళ్ళినప్పుడు, చేప బాగా పడితే ఇక్కడ గుమ్మంలో కూర్చున్న తన రెక్కలు లాగేసేవట. బోట్లు రాకముందే ఎంత పడిందో చెప్పేసేదట. కాకపోతే చేప బరువు పూటతో పోయేది, మనిషి బరువు రోజూ మొయ్యాలి, అదే తేడా అంది.

నాంచారయ్యకి తల కొట్టేసినట్టయింది. పెళ్ళాన్ని దేశం కాని దేశంలో అంట్లు తోమిస్తున్నది చాలక, ఇప్పుడు భుజాలెక్కి ఊరేగడమా? వారం రోజులు పైపుల జోలికి వెళ్ళలేదు. ఎనిమిదో రోజు ఆమె ఫోన్ చేసి దులిపేసింది. "నువ్వు లేవకపోతే నేనెందుకిక్కడ? నీ బరువు కొత్తదా నాకు? నువ్వు నడిచేదాకా మోస్తాను. నడిచాక మొయ్యను. త్వరగా తేల్చు."

అలా కుదిరింది పన్నెండున్నర వేళ. మొదట్లో ఆమె నిద్రలో ఉంటుంది కదా అని తెల్లవారుజామున లేచి చూశాడు. ఆమేమో ఊపిరాడటం లేదు, పీడకలలొస్తున్నాయి, మెలకువగా ఉన్నప్పుడే మంచిదంది. పని ఎక్కువున్న రోజున "ఇవాళొద్దు బావా, విందు ఉంది" అని మెసేజ్ పెట్టేది. వీడియోలో మొహం మాత్రమే కనపడేట్టు ఫోను దగ్గరగా పెట్టుకునేది. ఒక్కసారి అది చేతిలో జారి భుజాలు కనపడ్డాయి. రెండూ కిందికి వాలిపోయి ఉన్నాయి. నాంచారయ్య ఆ పూట అన్నం తినలేదు.

ఏడాది గడిచింది. ఈ గోడ నుంచి ఆ గోడకి పదకొండు అడుగులు వేస్తున్నాడు. బాపట్ల తీసుకెళ్తే ప్రభుదాస్ గారు చూసి పెదవి విరిచాడు. "మీరు కాళ్ళతో నడవట్లేదండి, చేతులతో నడుస్తున్నారు. బరువంతా కమ్మీల మీదే వేస్తే కాళ్ళకి పనేముంది?"

అది నాంచారయ్యకీ తెలుసు. చేతులు తేలిక చేద్దామనుకుంటాడు. మోకాళ్ళు వణకగానే ప్రాణభయం పట్టుకుంటుంది, గబుక్కున రెండు చేతులూ ఊనేస్తాడు. అక్కడ ఒక మనిషి కుంగుతోందని తెలిసి తెలిసీ ఊనేస్తాడు. ఇంకా ఆరు నెలల ఒప్పందం ఉంది. ఆమె పాస్‌పోర్టు మేడం బీరువాలో ఉంది. మధ్యలో వస్తానంటే ఇవ్వరు. తను లేచి నిలబడేలోపు ఆ మనిషి విరిగిపోతుందేమోనన్న దిగులు అతన్ని ఎప్పుడూ వదిలేది కాదు.

ఆ రోజు మంగళవారం. ఇంకా పదకొండు కాలేదు. నాంచారయ్య మంచం మీద కూర్చుని ఎవరిదో చిరిగిన వల బాగుచేస్తున్నాడు. ఎవరూ ముట్టుకోకుండానే పైపులు కిర్రుమన్నాయి. చూస్తుండగానే రెండూ మధ్యలో కుంగాయి. ఫ్లాంజీల స్క్రూలు గచ్చులోంచి కొద్దికొద్దిగా పైకి లేస్తున్నాయి. అటునుంచి ఎవరో వేళ్ళాడుతున్నట్టుంది.

"నువ్వు పట్టుకున్నావంట్రా?" అంది వెంకటసుబ్బులు గుమ్మంలోంచి.

"లేదమ్మా. మల్లి."

ఫోన్ చేస్తే ఎత్తలేదు. పైపులు ఇంకో అంగుళం దిగాయి. నాంచారయ్య మంచం మీంచి జారి, పాక్కుంటూ వాటి మధ్యకి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ పైపుల మీద చేతులేసి లేచాడు. ఇప్పుడు వాటి కింద చేతులు పెట్టి లేవాలి. రెండు మోచేతులూ పైపుల కింద పెట్టి, గొంతుక్కూర్చుని, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు నేలకి తన్నిపెట్టాడు. మోకాళ్ళు వణికాయి. భయం వేసింది. ఊనుకోవడానికి ఏమీ లేదు. కొండని ఎత్తుతున్నట్టు అరుస్తూ లేచి నిలబడ్డాడు. పైపులు తిన్నగా అయ్యాయి.

అలా ఎంతసేపున్నాడో అతనికి తెలీదు. తెనాలి ప్యాసింజరు కూతవేసి వెళ్ళిపోయిందని తల్లి తర్వాత చెప్పింది. ఆమె కొడుకు నడుం పట్టుకుని, కనపడ్డ దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ నిలబడింది. అతనికి ఒళ్ళంతా చెమట, కళ్ళ ముందు చీకట్లు. దించితే మల్లి పోతుంది, అదొక్కటే తెలుసు. చివరికి బరువు ఒక్కసారిగా పోయింది. కాసేపటికి ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"వదిలెయ్ బావా," అంది నాగమల్లేశ్వరి. "లోపలికి లాగేశారు."

మూడో అంతస్తు కిటికీ అద్దాలు బయటివైపు తుడవమన్నారట. కాలు జారింది. కింది సన్‌షేడ్ అంచుకి కొట్టుకుని తుంటి విరిగి పడిపోతుంటే, రెండు చంకల కిందా ఎవరో పట్టుకుని గాల్లో నిలబెట్టారు. డ్రైవరు వచ్చి లాగేదాకా వదల్లేదు. ఆ చేతులెవరివో ఆమెకి చెప్పాల్సిన పని లేకపోయింది.

పని చెయ్యలేని మనిషితో ఇంక వాళ్ళకి అవసరం లేదు. నెలన్నర ఆసుపత్రిలో ఉంచి, పాస్‌పోర్టు చేతిలో పెట్టి విమానం ఎక్కించారు. నాంచారయ్య చేతికర్ర పట్టుకుని, తన కాళ్ళ మీద తెనాలి స్టేషన్‌కి వెళ్ళాడు. ఆమెని చక్రాల కుర్చీలో దించారు. ఇద్దరూ ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు చూసుకున్నారు.

ఇంటికొచ్చాక ఆదాము రెండు పానలకి బారెడు గొట్టాలు తొడిగి, పూటంతా కుస్తీపట్టి, ఆమె బిగించిన కీళ్ళన్నీ విప్పాడు. నాంచారయ్య అతన్ని పక్కకి జరగమని ఒక్కొక్కటే తన చేత్తో మళ్ళీ బిగించాడు.

మర్నాడు వెంకటసుబ్బులూ ఆదామూ చెరో రెక్కా పట్టి ఆమెని పైపుల మధ్య నిలబెట్టారు. నాంచారయ్య బయట అరుగు మీద గోడకి వీపు ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి, భుజాలు బిగించి కూర్చున్నాడు. వదిలేశామని ఆదాము లోపల్నుంచి కేకేశాడు. భుజాల మీద ఏదో ఆనింది. ఖాళీ చేపల గంప పాటి బరువు. అతను ఇంకా రావలసినదానికోసం ఊపిరి బిగబట్టి చూశాడు.

"భయపడి చేతులు తేలిక చెయ్యమాకు మల్లీ," అన్నాడు వినపడేట్టు. "మొత్తం బరువు వెయ్. నాకేం కాదు."

లోపల్నుంచి ఆమె గొంతు వచ్చింది. "మొత్తం వేసేశాను బావా."

నాంచారయ్య మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, లోపలికి వినపడకుండా ఏడ్చాడు.