అనుమతి లేని కిటికీ

సోమవారం వచ్చిందంటే ఆమె మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి కూర్చునేది. చంకలో ప్లాన్ల గొట్టం, భుజాన మంచినీళ్ల సీసా. చదివింది ఆర్కిటెక్టు చదువు; చేసేది ఎదురుచూసే ఉద్యోగం. ఆస్పత్రి మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా ర్యాంపు కావాలనో, వంతెన కింద దీపాలు కావాలనో, బజార్లో ఆడవాళ్లకి మరుగుదొడ్డి కట్టాలనో అర్జీ పట్టుకొచ్చేది. అధికారి మీటింగులో ఉన్నారనేవాళ్లు.

"ఉండనివ్వండి, నేనూ ఉంటాను," అని గోడవారన బల్లమీద స్థిరపడేది. అలా ఎవరి పనికోసమో ఆమె ఒకచోట గట్టిగా కూర్చుంటే ఆ పక్క గోడకి కిటికీ వచ్చేది.

ముందు సున్నం పొడిపొడిగా రాలేది. తర్వాత చౌకట్టు, రెక్కలు, గడియ. ఆఫీసువాళ్లు తలెత్తి, "మేడమ్, కాస్త ఎడంగా జరగండి, అక్కడ క్యాలెండరు ఉంది," అనేవాళ్లు. పట్టపగలు దీపాలేసుకునే టపా విభాగం ఇప్పుడు కాయితాలు ఎగిరిపోతున్నాయని మొత్తుకుంటోంది. నేలమాళిగలో రికార్డు గదికీ ఒకటి వచ్చింది. తెరిస్తే అవతల మన్నూ, వానపాములూ. అయినా అక్కడి గుమాస్తా పొద్దున్నే తెరిచి సాయంత్రం మూసేవాడు. కిటికీ అంటూ ఉన్నాక తెరవకపోతే ఏం బాగుంటుంది?

అనుమతి లేకుండా ప్రభుత్వ గోడలకి కిటికీలు పెట్టినందుకు అదే ఆఫీసు ఆమెకి నోటీసు పంపేది. సంజాయిషీతో పాటు ఇంకెవరి అర్జీయో పట్టుకుని ఆమె వెళ్లి కూర్చునేది. ఇంకో కిటికీ వచ్చేది.

ఊరికే కూర్చుంటే మాత్రం రాదు. ఈ కథ చెప్పేవాడు తన గది చీకటికొట్టులా ఉందని ఒకసారి ఆమెను పిలిచి, టీ మీద టీ పోసి, తన రచనలు చదివి వినిపించాడు. గోడ మీద గీత కూడా పడలేదు. ఆమె మాత్రం తలుపు వైపు చాలాసార్లు చూసింది.

ఆమెకో తమ్ముడు. అతనూ ఆర్కిటెక్టే, అక్కలా కాకుండా కట్టేవాడు. అతను గీసిన బస్టాండు కప్పు కిందటేడాది వానల్లో కూలింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. గీతలో తప్పు లేదు, పోసిన కాంక్రీటులో ఉందని విచారణ తేల్చింది. ఊరంతా ఒప్పుకుంది, అతనొక్కడు తప్ప. ఆర్కిటెక్టుల సంఘం భవనంలో అద్దెకున్న తన ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అక్కడే మంచం, అక్కడే మకాం.

అక్క రోజూ అన్నం పెట్టె తెచ్చి, ఆ తలుపు బయట కూర్చునేది. వరండా గోడకి కిటికీ వచ్చింది. లోపలినుంచి బీరువా అడ్డం జరిపాడు. మెట్ల మీదికి మారింది. మెట్ల వైపు ఇంకోటి వచ్చింది. దానికి పుస్తకాల రాక్ అడ్డం పెట్టాడు. వీధి వైపు ముందునుంచీ ఉన్న కిటికీకి వార్తాపత్రికలు అంటించాడు. ఇక మిగిలిన గోడకి అవతల సంఘం సభామందిరం, సరిగ్గా వేదిక వెనక. దానికి ఏడాది పొడుగునా తాళమే; చిన్న సభలు కింది గదిలో జరిగిపోతాయి.

ఆ తాళం తీసే రోజు దగ్గరపడింది. వార్షిక సభలో సేవా పురస్కారాలిస్తారు. ఈసారి పౌరసేవకి ఆమెకి ఇస్తున్నారు. ఆమె దిగులు అది కాదు. పురస్కారాలయ్యాక సభ్యుల పేర్లు పిలుస్తారు. (ముందే పిలిస్తే చప్పట్లు కొట్టడానికి ఎవరూ మిగలరు.) ఒక్కో పేరు మూడేసిసార్లు పిలుస్తారు; వరసగా మూడు సభల్లో పలకనివాళ్ల పేరు కొట్టేస్తారు. పేరు పోతే ప్లాను మీద సంతకం చెల్లదు. మామూలు సభకి ఒకసారి, ప్రత్యేక సభకి ఒకసారి తమ్ముడు ఇప్పటికే పలకలేదు.

"ఏరా, తిన్నావా?" అంది తలుపుతో.

"తిన్నానక్కా."

"పెట్టె నా ఒళ్లోనే ఉంది కదరా."

లోపల మంచం కిర్రుమంది. "నిన్నటిది."

"రేపు సభ. పేరు పిలిస్తే ఉన్నాను అంటే చాలు. నిన్నేం పాట పాడమనడం లేదు."

"అంతమంది ఒక్క కప్పు కింద కూర్చుంటారు. నాకు కప్పు చూస్తేనే చెమటలు పడుతున్నాయి."

"అది నువ్వు కట్టింది కాదులే, నిలబడే ఉంటుంది," అనేసి నాలుక కరుచుకుంది.

లోపల నవ్వులాంటిదేదో వినిపించింది. విని చాలా రోజులైంది కాబట్టి దగ్గేమో అనుకుంది.

"నీకెందుకిస్తున్నారు?" అన్నాడు.

"బల్లలు అరగదీసినందుకు."

"ఏం మాట్లాడతావు?"

"వచ్చి విను. నా కోసం ఇద్దరి చప్పట్లూ నువ్వే కొట్టాలి. అమ్మ లేదు కదా."

ఆమె పెట్టె గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం హాలు నిండింది. నలుగురు ఆర్కిటెక్టులు ఒకచోట కూర్చుంటే నలుగురూ కప్పు చూసి పెదవి విరుస్తారు. ఇక్కడ హాలు మొత్తం ఆ పనిలోనే ఉంది. వేదిక మీద అధ్యక్షుడు, ముఖ్య అతిథిగా వచ్చిన మున్సిపల్ ప్లానింగ్ అధికారి, ఆమె.

"ఆవిణ్ని తొందరగా దించెయ్యండి సార్," అని కార్యదర్శి అధ్యక్షుడి చెవిలో ఊదాడు. "వెనక గోడకి మొన్ననే రంగు వేయించాం."

"రెండు ముక్కలేనయ్యా," అని అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

ఆ రెండు ముక్కల్లో మొదటిది నాగరికత పుట్టుక దగ్గర మొదలైంది. ఆమె వినడం లేదు. ఎదురుగా హాలు తలుపు వైపే చూస్తోంది. ఎవరు వచ్చినా సగం లేచేది, మళ్లీ కూర్చునేది. అధ్యక్షుడు చక్రం కనిపెట్టే దాకా వచ్చేసరికి ప్లానింగ్ అధికారి కాలరు మీద సున్నం రాలింది. ఆయన దులుపుకుని, వెనక్కి చూసి, కుర్చీ కొంచెం ముందుకి లాక్కున్నాడు. చౌకట్టు వచ్చింది. రెక్కలు వచ్చాయి. గడియ తనంతట తనే జారి, రెక్కలు తెరుచుకున్నాయి.

అవతల ఒక చెవి ఉంది.

గోడకి చెవి ఆనించి వింటున్న మనిషి గోడ పోయాక కూడా కాసేపు అలాగే ఉండిపోయాడు. మాసిన గడ్డం, నలిగిన చొక్కా. చప్పట్లకి సిద్ధంగా రెండు చేతులూ ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

హాల్లో ఎవరో దగ్గారు. అధ్యక్షుడు చక్రం అక్కడే వదిలేసి, పురస్కారం ఆమె చేతిలో పెట్టేశాడు. చప్పట్లు మోగాయి. అందులో ఒక జత వెనకనుంచి వచ్చింది. అప్పుడు తిరిగి చూసింది ఆమె.

కార్యదర్శి పేర్లు మొదలుపెట్టాడు. కాసేపటికి తమ్ముడి పేరు వచ్చింది.

తమ్ముడు పలకలేదు. కిటికీ పైభాగం కేసి చూస్తున్నాడు. "అక్కా, హాలు కప్పు బరువంతా ఈ గోడ మీదే ఉంది. పైన బరువు మోసే లింటెల్ దూలం పడిందా?"

"నాకేం తెలుసురా, నేను కూర్చుంటానంతే."

"ఇన్ని వచ్చాయి, ఒక్కదానికీ చూడలేదా?"

"చూసేవాడు తలుపేసుకున్నాడు."

అతను నడుము దాకా బయటికి వంగి, మొహం పైకి తిప్పి, వేలి కణుపుతో కొడుతూ వచ్చాడు. ఆ కప్పు కిందే కూర్చున్న ఆర్కిటెక్టులందరూ ఊపిరి బిగబట్టారు. నుదుటి చెమట కంట్లోకి జారుతుంటే భుజానికి తుడుచుకుని రెండో వైపూ కొట్టాడు.

"పడింది," అన్నాడు. "రెండు పక్కలా సరిగ్గా ఆనింది కూడా."

హాలంతా ఊపిరి వదిలింది. కార్యదర్శి రెండోసారి పిలిచాడు.

"ఉన్నాను."

"ఎక్కడున్నట్టు?" అన్నారు ముందు వరసలోంచి. "కాళ్లు ఆయన ఆఫీసులో ఉన్నాయి."

"పలికే నోరు హాల్లో ఉందిగా."

"నోరు కాదండీ, నిలబడిన చోటు లెక్క."

"అసలు గోడ మందం ఎవరి ఏరియాలోకి వస్తుంది? ముందు అది తేల్చండి."

అది తేలే విషయం కాదు. ఆ సంఘంలో స్నేహాలు చెడిందే దానిమీద. అధ్యక్షుడు ప్లానింగ్ అధికారి వైపు తిరిగాడు. ఆయన కాలరు దులుపుకుంటూ ఆలోచించాడు. "ఈ కిటికీకి అనుమతి లేదు. కాయితం మీద లేని కిటికీలోంచి పలికిన మనిషి ఉన్నట్టు నేనెలా ఒప్పుకోను?"

"అయితే మూడోసారి పిలుస్తాను, అదే ఆఖరు," అన్నాడు కార్యదర్శి. గొంతులో విచారమే ఉంది.

ఆమె తమ్ముడి వైపు చూసింది. రమ్మనలేదు. ఏడాదిగా అంటూనే ఉంది కదా. తన కుర్చీని మాత్రం ఈడ్చుకెళ్లి కిటికీ కింద వేసింది. పురస్కారాన్ని ప్లానింగ్ అధికారి ఒళ్లో పెట్టి, "కాస్త పట్టుకోండి," అని చెయ్యి చాపింది.

తమ్ముడు ఒక కాలు ఇటు వేశాడు. రెండో కాలి చెప్పు జారి ఆఫీసులోనే పడిపోయింది. వెనక్కి చూసి, దాన్ని అక్కడే వదిలేశాడు. కుర్చీ మీంచి వేదిక మీదికి దిగి, ఒంటి చెప్పుతో, అక్క చెయ్యి వదలకుండా, నెత్తిమీది హాలు కప్పుని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు.

కార్యదర్శి పేరు పిలిచాడు.

"ఉన్నాను," అన్నాడు.

కార్యదర్శి తర్వాతి పేరు పిలిచాడు.