మూడో గని మూత

కుయిన్కో కొండ మీద మూతబడ్డ బొగ్గు గనుల మధ్య నుంచి నాలుగు కిలోమీటర్ల దారి వేసి, మలుపు మలుపుకీ పసుపు బాణాలు గీసి, ఆదివారం పిల్లాపాపలతో నడవడానికి రండి అని మునిసిపాలిటీవాళ్ళు ఊరంతా మైకులో చెప్పారు. ఒకప్పుడు ఆ కొండెక్కిన మగవాళ్ళు సాయంత్రం దిగేదాకా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ముద్ద దిగేది కాదు. ఇప్పుడు అదే కొండకి టోపీలు పెట్టుకుని, నీళ్ళసీసాలు తగిలించుకుని షికారు వెళ్తారట. ఎదెల్మీరాకి దాని మీద కోపం లేదు. నడుచుకోనీ, పిల్లలకి సముద్రపు గాలి మంచిదే. ఆమె కోపమంతా తన ఇంటికి వచ్చిన కాగితం మీద.

రెండో గని ముందు దారి ఇరుకైందనీ, అక్కడున్న ఆమె మొగుడు నోల్బెర్తో అనిమీతని అరవై అడుగుల అవతలికి జరుపుతామనీ ఆ కాగితం సారాంశం. అనిమీత సమాధి కాదు. సమాధిలో ఉండేది ఒళ్ళు. ప్రమాదంలో పోయినవాడి ఆత్మ మాత్రం ఊపిరి వదిలిన చోటునే అంటిపెట్టుకుని ఉంటుంది, దాని కోసం అక్కడ కట్టే చిన్న గూడు అనిమీత. నోల్బెర్తో విషయంలో ఒళ్ళు కూడా దొరకలేదు కాబట్టి ఎదెల్మీరాకి మొగుడంటూ మిగిలింది ఆ రేకు కప్పు గూడే. ముప్పై ఏళ్ళుగా సోమవారం సోమవారం కొండెక్కి కొవ్వొత్తి వెలిగించి, ఇంట్లో సంగతులన్నీ చెప్పి దిగేది. కూతురు యాస్నా మొదటి జీతం గురించి అందరికంటే ముందు విన్నది ఆ గూడే. ఇప్పుడు దాన్ని జరిపితే లోపలున్న మనిషి మూటాముల్లె సర్దుకుని వెనకాలే వస్తాడా?

మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళి గట్టిగా అరిచింది. అక్కడి పిల్ల మకరేనా మంచిదే, ఓపిగ్గా వింది. "మనిషి పోయింది సరిగ్గా అక్కడేనని ఆనాడు పక్కనున్నవాళ్ళెవరైనా సంతకం పెడితే గూడు ముట్టుకోమమ్మా. దారినే చుట్టు తిప్పుతాం. ఆదివారం నేనే కాగితం పట్టుకుని కొండ మీదికి వస్తాను," అంది.

ఆనాడు పక్కనున్న నలుగురిలో బతికున్నది బెలార్మీనో ఒక్కడే. యాస్నాకి జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు. అలా నిలబడ్డ రోజు నుంచీ పిల్ల తల్లికి అతను కొంపాద్రే, అతనికి ఆమె కొమాద్రే. సొంత అన్నాచెల్లెళ్ళయినా నువ్వూ నువ్వూ అనుకోవచ్చు గానీ వీళ్ళు మాత్రం చచ్చేదాకా ఒకరినొకరు మీరు అనే పిలుచుకోవాలి, అంత పెద్ద చుట్టరికం అది.

ఆదివారం ఇద్దరూ కలిసి బయల్దేరారు. మంచు విడిపోయి ఎండ వస్తోంది. వెనక నుంచి వచ్చిన కుటుంబాలన్నీ వాళ్ళని దాటుకుని పోతున్నాయి. బెలార్మీనో పది అడుగులు వెయ్యడం, ఒక యూకలిప్టస్ చెట్టు పట్టుకుని ఆగడం.

"ఏంటి కొంపాద్రే, చెట్టు చెట్టునీ పలకరిస్తున్నారు? ఏమన్నా చుట్టాలా?"

"నా ఊపిరితిత్తుల నిండా బొగ్గే కదా కొమాద్రే. ఒక అగ్గిపుల్ల గీశారంటే ఇద్దరికీ టీ కాచుకోవచ్చు."

"టీ సంగతి తర్వాత. ముందు సంతకం. మీ పెళ్ళినాడు పెన్ను పట్టుకోగానే వణికారు. ఫాదర్ గారు మీ చెయ్యి పట్టుకుని రాయించాల్సి వచ్చింది."

మామూలుగా అయితే దానికి అతను రెండు మాటలు ఎక్కువే అనేవాడు. ఆ రోజు నవ్వలేదు. జబ్బు మనిషిని కొండెక్కించానని ఎదెల్మీరాకి మనసులో గుచ్చుకుంది. చెయ్యి పట్టుకుని నడిపించింది.

రెండో గని ముందు మకరేనా కాగితాల అట్టతో నిలబడి ఉంది. ఎదెల్మీరా మొదట గూటి ముందు ఎండిన ఆకులు ఊడ్చి, మొగుడి ఫొటో అద్దం శాలువా అంచుతో తుడిచింది. ముప్పై మూడేళ్ళ వయసుకే ఆగిపోయిన ముఖం. ఇప్పుడు చూస్తే తనకి కొడుకులా ఉన్నాడు.

బెలార్మీనో పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద పెట్టాడు. తర్వాత ఎత్తి మకరేనాకి తిరిగి ఇచ్చేశాడు.

"అమ్మాయీ, కాస్త అటు వెళ్ళు తల్లీ," అన్నాడు.

ఆ పిల్ల వెళ్ళేదాకా ఆగి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నోల్బెర్తో పోయింది ఇక్కడ కాదు కొమాద్రే. మూడో గనిలో."

"మతి పోయిందా మీకు? మూడోది అప్పటికే మూసేశారుగా."

"మూసేశారు. మేం వెనకనుంచి దూరేవాళ్ళం. ఆ చలికాలం ఇక్కడ బొగ్గు సన్నబడిపోయింది. అక్కడ కప్పు కూలకుండా వదిలిన బొగ్గు స్తంభాలుండేవి. వాటినే కొట్టుకునేవాళ్ళం. ఆ రోజు కప్పు దిగింది. నలుగురం బయటపడ్డాం. వాడు ఉండిపోయాడు."

"మరి ఇక్కడని ఎందుకన్నారు?"

"నిజం చెబితే ఇదీ మూసేసేవాళ్ళు. పన్నెండిళ్ళు దీని మీదే బతుకుతున్నాయి. సాయంత్రానికల్లా వాణ్ణి మేమే తీసేస్తాం, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాం. ఈలోపు కాపాడేవాళ్ళు వచ్చేశారు. ఇక్కడ నీళ్ళు నిండిన అడుగు సొరంగం చూపించి, అందులో ఉన్నాడని చెప్పాం."

"ఆరు రోజులు తవ్వారు ఇక్కడ," అంది ఎదెల్మీరా. "ఆరు రోజులూ వాళ్ళకి కాఫీ కాచింది నేనే. మీకూ పోశాను."

"పోశారు."

ఆమె గూటి వైపు చూసింది. ఎన్ని సోమవారాలు! ఎవరికి చెప్పుకుంది అవన్నీ? అయినా ఆమెకి అప్పుడు కావాల్సింది ఆ లెక్క కాదు.

"వెంటనే పోయాడా?"

బెలార్మీనో టోపీ అంచు తిప్పుతూ ఉన్నాడు.

"కొంపాద్రే, మిమ్మల్నే. వెంటనే పోయాడా?"

"రెండు రోజులు కొట్టాడు."

ఏమిటి కొట్టాడని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. గనిలో చిక్కుకున్నవాడు రాతి మీద మూడు దెబ్బలు కొడతాడు. విన్నవాడు ఎవడైనా సరే, వాడికి ప్రాణశత్రువైనా సరే, తిరిగి మూడు దెబ్బలు కొట్టాలి. తియ్యగలమా లేదా అన్నది తర్వాతి మాట. నీ దెబ్బ మా చెవిన పడింది, నువ్వు ఒక్కడివే లేవు అని చెప్పడానికి అది. ఆ ఊరి పిల్లలకి అక్షరాలు రాకముందే అది వస్తుంది. ఆ మర్యాద తప్పినవాడి మాట ఎదెల్మీరా తన అరవై ఒక్క ఏళ్ళలో వినలేదు.

"మీరు తిరిగి కొట్టారుగా," అంది. అడిగినట్టు కాదు, తెలిసిన సంగతే చెప్పినట్టు అంది.

అతను మూడో గని వైపు తిరిగాడు.

"కొంపాద్రే?"

"ఇక్కడ కాపాడేవాళ్ళు గోడకి చెవి పెట్టి వింటున్నారు కొమాద్రే. వాడి దెబ్బ సన్నం, ఇంతదూరం రాదు. మేం సుత్తి ఎత్తామంటే మాత్రం ఎక్కడున్నామో తెలిసిపోయేది. అందుకే చేతులతో తవ్వాం. గోళ్ళు ఊడిపోయాయి. సుత్తి మాత్రం ముట్టలేదు. మూడో రోజు నుంచి ఇంక వాడు కొట్టలేదు."

తప్పు చోట కొవ్వొత్తులు పెట్టించారు, సరే. అబద్ధం ఆడారు, పన్నెండిళ్ళ అన్నం కోసం ఆడారు, అదీ ఎలాగో మింగేది. కానీ ఆ మనిషి ఆ చీకట్లో మూడు దెబ్బలు కొట్టి, ఊపిరి బిగబట్టి విని, ఏమీ వినపడక మళ్ళీ కొట్టి ఉంటాడు. రెండు రోజులు. తన కోసం ఎవరూ రాలేదనుకునే పోయాడు. ఎదెల్మీరా గూటి రేకు పట్టుకుని నిలబడింది.

మకరేనా దగ్గరికి వచ్చింది. "సంతకం అయిందా అమ్మా?"

"జరుపుకో తల్లీ. ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో. అందులో ఎవరూ లేరు."

మొగుడి ఫొటో మాత్రం తీసుకుని మూడో గని వైపు నడిచింది. బెలార్మీనో దగ్గుతూ, ఆగుతూ వెనకాలే వచ్చాడు. ఆమె ఒక్కసారి కూడా చెయ్యి అందించలేదు.

ఆ గని నోటికి మునిసిపాలిటీవాళ్ళు ఎప్పుడో కాంక్రీటు మూత పోశారు. ఇప్పుడు దాని చుట్టూ బల్లలు వేసి భోజనాల చోటు చేశారు. బల్లలు చాలక ఒక కుటుంబం మూత మీదే దుప్పటి పరుచుకుని, ఉడికించిన గుడ్లు ఒలుచుకుంటోంది.

"కాస్త లేవండమ్మా," అంది ఎదెల్మీరా ఆ ఇల్లాలితో. "కింద మా ఆయన ఉన్నాడు."

ఆమె గొంతులో ఏముందో గానీ, వెంటనే పిల్లల్ని లేపుకుని పక్కకి వెళ్ళారు.

ఎదెల్మీరా పిడికిలి నిండా పట్టేంత రాయి ఒకటి వెతికి తెచ్చి బెలార్మీనో చేతిలో పెట్టింది.

"కొట్టు," అంది.

ముప్పై అయిదేళ్ళలో ఆమె నోట అతనికి మీరు తప్ప మరో మాట రాలేదు. ఆ పిలుపు తప్పిందని అతను గమనించాడు. మోకాళ్ళ మీద కూర్చుని మూడు దెబ్బలు కొట్టాడు. శబ్దం పెద్దగా రాలేదు.

"అలా కాదు. ఆయనకి వినపడాలి."

అతను రెండు చేతులతో రాయి ఎత్తి మూడుసార్లు కొట్టాడు. కళ్ళ నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి. ఎదెల్మీరా ఆ చల్లటి మూత మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. చాలాసేపు విన్నది.

తల ఎత్తకుండానే, "మళ్ళీ కొట్టు," అంది.