ముందు సీటు కొలత

జంట సైకిల్ చేయిద్దామన్న ఆలోచన నాదే. చూపు పోయిన దగ్గర్నుంచి మా ఆయన గది దాటలేదు. పలకరిస్తే "ఊ", అన్నం పెడితే "చాలు". అసలే నాకు నోరెక్కువ, ఓర్పు తక్కువ. ఒకరోజు విసుగెత్తి అనేశాను.

"రెండు సీట్ల సైకిల్ చేయిద్దాం, ఇద్దరం తొక్కుదాం. మీ సంగతేమో గానీ, ఈ ఇంట్లో నాకు పిచ్చెక్కుతోంది."

గోడవైపు ఉన్న మొహం ఇటు తిప్పారు. "ఫ్రేము ఉక్కుదా, అల్యూమినియందా?" అని అడిగారు.

ఎన్నో నెలల తర్వాత ఆయన నన్ను ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. గబుక్కున "మీ ఇష్టం" అన్నాను. పెళ్ళయ్యాక ఆ మాట నా నోట ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

పెట్టుబడి స్కూటరు అమ్మిన డబ్బు. అమ్మిన రోజు, "కళ్ళొచ్చాక కొత్తది కొందాంలే" అన్నారాయన. నేను తలూపాను. తలూపితే ఆయనకు కనపడదని తెలిసే ఊపాను. చూపు ఇక రాదని కళ్ళ డాక్టరు అంతకు ముందే నన్ను ఆస్పత్రి వరండాలోకి పిలిచి చెప్పాడు. ఆయనకు నేనే చెబుతానని ఒప్పుకుని వచ్చాను. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి. కక్కలేక మింగలేక తిరుగుతున్నాను.

ఇక రోజూ వంటింట్లో ఇదే గోల. నేను కూరగాయలు తరుగుతుంటే ఆయన పక్కన కూర్చుని ఒక్కో భాగానికీ ధర కట్టేవారు. పెళ్ళికి ముందు సైకిళ్ళు విప్పి బిగించిన మనిషి, అన్నీ వేళ్ళకి గుర్తే. ఎనిమిది గేర్లు కావాలన్నారు.

"ఇక్కడేమన్నా కొండలున్నాయా? మూడు చాలు."

"వంతెన ఎక్కేటప్పుడు నీ ఆయాసం చూస్తా."

"తోలు సీట్లంటారు, ఎనిమిది గేర్లంటారు. ఉన్న డబ్బెంత? పిండి కొద్దీ రొట్టె అన్నారు."

చివరికి గేర్లు మూడుకి దిగాయి. రిమ్ములు మామూలువే. తన తోలు సీటు మాత్రం వదల్లేదు. ఇంకా మూడో బ్రేకు మిగిలింది.

"ఇద్దరి బరువుకి రెండు బ్రేకులు చాలవే. మూడోది వెనక కూర్చున్నవాళ్ళ చేతిలో ఉంటుంది. అంటే నీ చేతిలో. ముందు నేను, వెనక నువ్వు, ఎప్పట్లాగే."

నా చేతిలో కత్తి ఆగింది. చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. ఆయన మొహం అంత వెలుగుతుంటే ఎట్లా చెప్పను?

"నాకెందుకు బ్రేకు? తీసేయండి, డబ్బు మిగులుతుంది" అన్నాను.

కొలతలివ్వడానికి వెళ్ళిన రోజు, నా భుజం మీద చెయ్యేసి, వీధి చివర రోడ్డు దాటి షెడ్డుదాకా నడిచారు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఇల్లు కదలడం అదే మొదలు. ఫ్రేములు చేసే ఆయన మావారికి పాత స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. షెడ్డంతా కాలిన ఇనుము వాసన. పైపులు గోడకి నిలబెట్టి ఉన్నాయి.

"ఈ రిమ్ములు గొప్పవేం కాదన్నా, కానీ గుడ్డి కన్నా మెల్ల మేలు..." అని నాలిక్కరుచుకున్నాడు.

మావారు పడీపడీ నవ్వారు. "కానీరా, కానీ."

అతను టేపు తీశాడు. "వదినా, ముందు ఫ్రేము ఎత్తు వేరు, వెనకది వేరు. ఒకసారి పైపు కోశానంటే అంతే, నీ డబ్బూ తిరిగిరాదు. ముందు ఎవరు కూర్చుంటారు?"

"నేనే" అన్నారాయన. అప్పటికే మడమలు గోడకానించి నిటారుగా నిలబడ్డారు. "ఇది తయారయ్యేసరికి నాకు కళ్ళొచ్చేస్తాయి."

అతను మోకాళ్ళ మీద కూర్చుని నావైపు చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే ఆ సైకిల్ ఎందుకూ పనికిరాదు. తెరిస్తే ఈ మనిషి మళ్ళీ గదిలో పడతాడు.

"ముందు నేను" అన్నాను.

"ఏంటే?"

"చూపు రాదండీ. డాక్టరు చెప్పేశాడు."

"ఎప్పుడు?"

"స్కూటరు అమ్మకముందు."

గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ఇవతలికి వచ్చారు. మెల్లగా, "కొత్తది కొందామంటే నువ్వేం మాట్లాడలేదు ఆరోజు" అన్నారు.

"తలూపాను."

"తలూపావా?" అన్నారు. ఆ మాట వినేకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

స్నేహితుడు టేపు చుట్టేయబోయాడు. "ఆవిడ కొలత తీసుకో, ముందుకి" అన్నారు మావారు. నా కొలత అయ్యాక ఆయన మళ్ళీ గోడకి ఆనుకుని నిలబడ్డారు. "వెనక్కి నాది. తోలు సీటు తీసెయ్. ఆ డబ్బుతో మూడో బ్రేకు పెట్టు. అది నా చేతిలో ఉండాలి."

తొక్కడానికి వస్తానంటున్నారు, అమ్మయ్య అనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, "నా తొందరంటే అంత భయమా?" అని పరాచికమాడాను. ఆయన నవ్వలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నా భుజం పట్టుకోలేదు. గోడలు తడుముకుంటూ నడిచారు. రోడ్డు దాటే చోట గోడ అయిపోయింది. ఆగారు. ఒక లారీ వెళ్ళిపోయింది.

"ఖాళీగా ఉందా?"

"ఉంది, రండి."

అడుగు వెయ్యలేదు. మొహం నావైపు తిప్పారు.

"నిజంగానేనా?"

"నిజంగానేనండీ" అన్నాను. ఆయన ఇటూ అటూ చెవిపెట్టి విన్నారు. ఏ చప్పుడూ లేదని తేల్చుకున్నాకే రోడ్డు మీదికి దిగారు.