వెలిసిన శ్రీచూర్ణం

నామం మధ్యలో దిద్దుకునే ఎర్ర శ్రీచూర్ణం మా ఇంట్లో నేనే చేస్తాను. పసుపు, వెలిగారం, గూడూరు నిమ్మకాయల రసం. అత్తగారు నేర్పిన పని. అలాంటిది, మా ఆయన శఠగోపం గారు ఒకరోజు అద్దం ముందు కూర్చుని వంక పెట్టారు. గీత నిటారుగా వచ్చిందా లేదా అని కుడికన్ను మూసి చూసుకోవడం ఆయనకు చిన్నప్పటి అలవాటు.

"గోదా, రంగు వెలిసిపోయిండాది. నిమ్మకాయలు మంచివి కావేమో."

నాకు ఒళ్లు మండింది. అయినా మళ్లీ చేశాను. అదీ వెలిసిందే అన్నారు. రోజురోజుకూ గీత లావెక్కింది. కోవెల గోష్ఠిలో పాశురాలు చదివే మనిషి చిటికెన వేలంత గీతతో వెళ్తుంటే వీధిలో నవ్వుకున్నారు.

"అంగట్లో కొనుక్కోండి. నా చేతి గుణమే అంత" అని దులిపేశాను. నా డబ్బా తీసి అలమరలో పెట్టేశాను.

తర్వాత ఎడమకన్ను నొప్పన్నారు. గడప తట్టుకుని పడబోయారు. తిరుపతిలో కంటి డాక్టరు హంసిని దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె మందు సీసా ఎర్రమూత చూపించి, ఒక్కో కన్నూ మూసి చూడమంది. కుడికంటికి ఎరుపు. ఎడమకంటికి పాత ఇటుక రంగు. ఆయన నావైపు తిరిగి తల దించుకున్నారు. గెలిచానన్న సంతోషం నాకు రవ్వంత కూడా కలగలేదు.

ఎమ్మారై తీశారు. కంటినరం మీద చిన్న గడ్డ ఉందన్నారు. మెడ పక్కన కూడా ఒక బిళ్ల వాచి ఉంటే, దాన్నుంచి ముక్క తీసి పరీక్షించాక తేలింది, క్షయ అని.

"దగ్గు కూడా లేదే తల్లీ" అన్నారాయన.

"దగ్గుండాల్సిన పన్లేదు స్వామీ. మందులు మానకుండా వాడితే తగ్గిపోతాది. చూపు ఎంత తిరిగొస్తాదో ఇప్పుడే చెప్పలేను."

"నా గీత నేను చూసుకునేంత వస్తే చాలు."

నెలలు గడిచాయి. ఒకనాటి ఉదయం అంగడి చూర్ణం అయిపోయింది. అలమరలోని ఆ పాత డబ్బానే తెచ్చి ముందు పెట్టాను. ఆయన సన్నగా గీత దిద్దుకుని, కుడికన్ను మూసి, అద్దంలో చాలాసేపు చూసుకున్నారు.

"గోదా, ఈసారి బాగా కుదిరింది. ఎర్రగా ఉండాది."

ఇంకొకప్పుడైతే ఆ డబ్బా ఎప్పటిదో చెప్పి ఏకిపారేసేదాన్ని.

"అవునండీ, నిమ్మకాయలు మంచివి దొరికినాయి" అన్నాను, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.